51820 ఒక్కటే తెరిచాను

కావలి
ఆదివారం సాయంత్రం

చిట్టితల్లీ,

ఇంటి వీపీఎన్, అంటే బయట ఎక్కడున్నా మన ఇంటి నెట్‌వర్క్‌లోకి వెళ్ళే రహస్య దారి, కలిసింది. ఇందాక వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద వీధి చివర వేపచెట్టు కింద నిలబడి చూశాను. ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉన్న నీ పదో తరగతి ఫొటో తెరుచుకుంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నా.

ముందు కెమెరా సంగతి. పోయినేడు కెమెరాలు బిగించిన అబ్బాయి, మనకు ఫోన్లో కనబడాలని రౌటర్‌లో 80, 554 పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే నంబరు తలుపులు, తెరిచి పెట్టి వెళ్ళాడు. పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. తెరిచి ఉన్న పోర్టుల లిస్టు తీసి చూడమని నువ్వు అనేదాకా నాకు తెలియదు. అమ్మ పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తుంటే, మన పోర్టు బయటికి అందే రోజున ఊరూ పేరూ తెలియనివాడు ఎక్కడో కూర్చుని చూడొచ్చన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండూ తీసేశాను, పాస్‌వర్డ్ మార్చాను. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సదుపాయం కూడా ఆపేశాను. అది ఉంటే ఇంట్లో ఏ వస్తువైనా మనల్ని అడక్కుండానే తలుపు తీసుకుంటుందట.

ఇక వీపీఎన్. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసినవాణ్ణి కదా, నాకు ఇలా అర్థమైంది. ఆఫీసుకు బయటి నంబరు ఒకటే, లోపల ఎక్స్‌టెన్షన్లు బోలెడు. ఫలానా కాల్ వస్తే ఫలానా బల్ల మీద మోగించమని ఆపరేటరుకు ముందే చెప్పి పెట్టాలి. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే అదే. మన వీపీఎన్ నడిపే సాఫ్ట్‌వేర్ వైర్‌గార్డ్ కోసం 51820 పోర్టుకి ఏది వచ్చినా టీవీ పక్కనున్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి, అంటే ఇంట్లో దాని అడ్రస్ 192.168.1.50కి పంపమన్నాను. టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే పద్ధతులు. ముందు టీసీపీ అనే ఉంచేశాను. వైర్‌గార్డ్ నడిచేది యూడీపీ మీద, తర్వాత మార్చాను.

అయినా మోగలేదు. రెండు గంటలు ఆ రౌటర్‌తోనే కుస్తీ పట్టాను. తీరా స్టేటస్ పేజీ చూస్తే మన వ్యాన్ అడ్రస్, అంటే నెట్ వాళ్ళు మన రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవి నెట్ ఇచ్చేవాళ్ళు తమ లోపల వాడుకునే అడ్రసులు, సీజీనాట్ అంటారు. ఎన్నో ఇళ్ళు కలిసి బయటికి ఒకే అడ్రసుతో వెళ్తాయి. నీ చిన్నప్పుడు మనం తాతయ్యకు ఫోన్ చేసే ఎస్టీడీ బూత్ గుర్తుందా? అక్కడి నుంచి ఎవరికైనా చేయొచ్చు. తాతయ్య తిరిగి చేస్తే మాత్రం బూత్‌లో మోగుతుంది గానీ మనింట్లో మోగదు. ఇదీ అంతే, మన రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ, అంటే మనకొక్కరికే ఉండే మారని బయటి అడ్రస్, అడిగితే నెలనెలా కొంత అదనంగా కట్టమన్నారు. కట్టేశాను. శుక్రవారం ఇచ్చారు, వెంటనే కలిసింది.

శనివారం కరెంటు పోయి వచ్చాక వీపీఎన్ మళ్ళీ తెగిపోయింది. చూస్తే రాస్ప్‌బెర్రీ పై అడ్రస్ చివర .50 పోయి .53 అయి కూర్చుంది. రౌటర్లో దాని మ్యాక్ అడ్రసుకు, అంటే తయారీలోనే దానికి ఇచ్చిన గుర్తింపు నంబరుకు, .50ని రిజర్వ్ చేశాను, ఇక మారదు.

నువ్వు రెండు పనులు చెయ్యాలి. మీ హాస్టల్ వైఫై కూడా 192.168.1తోనే ఉందేమో చూడు. ఉంటే మన రాస్ప్‌బెర్రీ పై ఎక్కడుందో నీ ల్యాప్‌టాప్‌కు తెలియక తికమక పడుతుంది, మన ఇంటి నెట్‌వర్క్ అడ్రసులు నేనే మారుస్తాను. రెండోది, వైర్‌గార్డ్‌లో నీకు ఉండే తాళంచెవుల జతలో రహస్యంగా ఉంచుకోవాల్సిన ప్రైవేట్ కీ ఎవరికీ పంపకు, వాట్సాప్‌లో నాకు కూడా వద్దు. నీ పబ్లిక్ కీ ఒక్కటే పంపు. ఫోన్ పోతే అర్ధరాత్రయినా సరే నాకు చెప్పు, ఆ కీ అప్పుడే తీసేస్తాను. సరైన కీ లేనివాడు ఎంత తట్టినా వైర్‌గార్డ్ జవాబే ఇవ్వదు. నాకు దానిలో నచ్చింది అదే.

పబ్లిక్ కీ రేపు పంపు. మంగళవారం పొద్దున ఆరింటికి కలిపి చూడు. అమ్మ ముగ్గేసే టైము.

మీ నాన్న