సీసాలో దాచిన స్టెంటు

తిరుపతి,
జూన్ 14.

ప్రియమైన ప్రసాదుకు,

నిన్న ఫోనులో నువ్వు "స్టెంటే కదా, తోతాపురి కోతలు అయ్యాక తీయించుకుంటాలే" అని తేలిగ్గా అనేసరికి నాకు మాట పెగల్లేదు. పక్కన మీ చెల్లెమ్మ, పిల్లలు ఉండడంతో అన్నీ విడమరచి చెప్పడం కుదరలేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా సంగతి నీకు సగమే తెలుసు. పోయినేడు మూత్రనాళంలోంచి రాయి తీశాక నాకూ నీకు వేసినట్టే డీజే స్టెంటు వేశారు, అంటే మూత్రపిండం నుంచి మూత్రాశయం దాకా మూత్రం సాఫీగా దిగడానికి పెట్టే సన్నని గొట్టం. ఆరు వారాలకు తీయాలని డిశ్చార్జి కాగితంలో ఒక మూల ఇంగ్లీషులో రాసి ఉంది. నోటితో ఎవరూ గట్టిగా చెప్పలేదు, తర్వాత ఆ ఆసుపత్రి నుంచి ఒక్క ఫోనూ రాలేదు. పెద్దమ్మాయి పెళ్లి పనుల్లో పడి నేనూ మరిచిపోయాను. మధ్యలో మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాను గాని, నీళ్లు బాగా తాగగానే తేటపడడంతో ఎండ వేడి అనుకుని ఊరుకున్నాను. నడకకు గొట్టం కొస లోపలి పొరను ఒరుసుకుంటే అలా అవుతుందట. ఎనిమిదో నెలలో నొప్పి తట్టుకోలేక వెళితే, మామూలుగా మత్తు జెల్లీ రాసి పది నిమిషాల్లో లాగేసే గొట్టం కదలనే లేదు. మూత్రాశయంలోని కొసను లేజరుతోనూ, మూత్రపిండంలోని కొసను వీపు వైపు నుంచి రంధ్రం చేసీ, దానికి పట్టిన పెళ్లను రెండు విడతలుగా పగలగొడితే గాని బయటికి రాలేదు.

దాన్ని అడిగి తెచ్చుకుని చిన్న సీసాలో దాచాను. రెండు మిల్లీమీటర్ల లావు, జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. నడుమ భాగం దాదాపు కొత్తదానిలాగే ఉంది. చుట్ట తిరిగిన రెండు కొసలకు మాత్రం గసగసాలు ముద్ద చేసి అతికించినట్టు, పసుపు కలిసిన గోధుమ రంగు పెళ్లలు ఉన్నాయి. సీసా ఊపితే రాలిన రవ్వలు గలగలమంటాయి.

ఈ పెళ్ల ఎలా పడుతుందో నాకు రెండోసారి ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఓపికగా చెప్పారు. గొట్టం లోపలికి వెళ్లిన కొన్ని గంటల్లోనే మూత్రంలోని ప్రోటీన్లు దానిపై పలుచని పొరగా పరుచుకుంటాయి. మూత్రంలో ఎప్పుడూ ఉండే కాల్షియం, ఆక్సలేటు ఆ పొరను పట్టుకుని స్ఫటికాలుగా పెరుగుతాయి. దానికి తోడు ప్రోటియస్ వంటి సూక్ష్మజీవులు చేరితే, అవి యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తాయి, మూత్రం క్షారంగా మారుతుంది, అప్పుడు కాల్షియం ఫాస్ఫేటు, మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేటు గబగబా గడ్డకడతాయి. రాళ్లు పడే ఒంటి తీరున్న మనలాంటి వాళ్లకు ఈ పేరుకోవడం మరీ త్వరగా జరుగుతుంది. సిలికాన్ గొట్టాలపై కొంత తక్కువ పడుతుందనీ, రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ వంటి మందుల పూతలు వేసి చూశారనీ ఆయన అన్నారు గాని, పూర్తిగా అడ్డుకునే పూత ఏదీ లేదట. కాబట్టి చెప్పిన తేదీకి తీసేయడాన్ని మించిన నివారణ నాకైతే కనబడలేదు.

రాళ్లు పడడానికి మీ బోరునీళ్ల మీద నెపం వేశావు చూడు, అది నేనూ వేశాను. హీటరు కడ్డీకి పట్టే తెల్ల పెచ్చు నీటిని కాచినప్పుడు దిగే కాల్షియం కార్బొనేటు. మన ఒంట్లో పట్టేది ఆక్సలేటు, ఫాస్ఫేటు. ఆర్‌వో నీళ్లే తాగినా, తోటలో చెమటోడ్చి పూటకు ఒక చెంబుతో సరిపెడితే మూత్రం చిక్కబడుతుంది. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోయేటంతగా తాగు. కాల్షియం అని భయపడి పెరుగు మానకు, అది పేగులోనే ఆక్సలేటును పట్టి ఉంచుతుంది. ఉప్పు మాత్రం మూత్రంలో కాల్షియంను పెంచుతుంది కనుక ఆవకాయ తగ్గించు. మీ అమ్మగారు కాచి ఇచ్చే కొండపిండాకు కషాయం నేనూ నెలలు తాగాను, ఈ సీసాలోని పెళ్లపై దాని ప్రభావం ఏమీ కనబడలేదు. రాళ్లకు రాసే పొటాషియం సిట్రేటు మందు సొంతంగా కొని తాగకు. ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు అది పనికిరాకపోవచ్చు. జ్వరం, చలి వస్తే ఆ రోజే వెళ్లు.

మీ నాన్నగారికి మార్చి వేసిన గుండె కవాటానికీ ఇలా పట్టుతుందా అని అడిగావు. అది ఆవు గుండె పైపొరతో చేసింది. 1960ల చివరలో ఫ్రెంచి సర్జన్ అలెన్ కార్పెంటియర్ గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో ఇలాంటి కణజాలాన్ని శుద్ధి చేసే పద్ధతి తెచ్చారు. చిత్రమేమిటంటే, దాన్ని కుళ్లకుండా కాపాడే ఆ రసాయనమే మెల్లగా కాల్షియం దిగడానికీ దారి ఇస్తుంది. అందుకే కాల్షియం పట్టుకోవడానికి ఆసరా అయ్యే కొవ్వు పదార్థాలను తయారీలోనే కడిగేస్తారు. వయసు మీరినవారిలో ఇది నెమ్మది. ఆహార పథ్యంతో ఆపేది కాదు గనుక, డాక్టరు చెప్పిన గడువుకు ఎకో, అంటే గుండె స్కానింగు, తీయించు, చాలు.

ఇక నీ స్టెంటు తీసే తేదీ జూలై మొదటి వారమని కాగితంలో ఉంది. పల్పు ఫ్యాక్టరీ దగ్గర లోడుతో వరుసలో నిలబడే పని మీ తమ్ముడికి అప్పగించి, ముందు రోజు సాయంత్రమే చిత్తూరు నుంచి బస్సెక్కు. ఆ కాగితం, ఎక్స్‌రే మరిచిపోకు. రాత్రి మా ఇంట్లోనే పడుకో, భోజనం అయ్యాక సీసా చూపిస్తాను, మీ చెల్లెమ్మ దాన్ని పారేయకుండా ఉంటే.

నీ
భాస్కర్