పర్యాయపదాల పట్టికతో పాటు వాక్యాలూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో వారం వారం వచ్చే ఆంగ్ల పదసంపద శీర్షికలో ఇటీవల ‘రన్’ అనే క్రియకు అర్థాలు, పర్యాయపదాలు ప్రచురించారు. పాలకొల్లు దగ్గర ఒక గ్రామంలో గ్రంథాలయం బాధ్యత చూస్తున్నవాడిగా, బడి వదిలాక పిల్లలు ఆ పేజీని నోటుపుస్తకాల్లోకి ఎలా ఎక్కించుకుంటున్నారో, తర్వాత దాన్ని ఎలా వాడుకుంటున్నారో రోజూ గమనిస్తున్నాను. శీర్షిక చాలా అవసరమైనదే. దాన్ని వేసే తీరు కొంత మార్చవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

‘రన్’ ఎదురుగా పరుగెత్తు, నడుపు, ప్రవహించు అని మూడు అర్థాలు ఇచ్చి, వాటి కింద స్ప్రింట్, జాగ్, గ్యాలప్, ఫ్లో, ఆపరేట్, మేనేజ్ అనే మాటలను కామాలు పెట్టి ఒకే వరుసలో పేర్చారు. ఏ మాట ఏ అర్థానికి చెందినదో ఎక్కడా సూచించలేదు. ఆ వరుసను నమ్ముకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు తమ ఊరి గురించి రాసిన వ్యాసంలో ‘ది కెనాల్ ఆపరేట్స్ బిసైడ్ అవర్ విలేజ్’ అని రాసింది. పర్యాయపదమని పత్రికలో అచ్చయిన మాటను వాడిన ఆ అమ్మాయిని తప్పుపట్టలేము. పర్యాయపదం ఏదైనా ఒక మాటకున్న ఒకానొక అర్థానికే వర్తిస్తుందని, మిగతా అర్థాల దగ్గర దానికి చోటుండదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పైగా ‘రన్’ మామూలు క్రియ కాదు. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు సంపాదకులు ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారని 2011లో పత్రికలు రాశాయి. ఆ పద్దును తిరగరాయడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టిందట. అదే నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పెద్ద పద్దు ‘సెట్’ది. అన్ని అర్థాలూ మన పిల్లలకు అక్కర్లేదు గాని, అక్కరకొచ్చే నాలుగైదింటినైనా విడివిడిగా చూపించాలి.

ఈ తేడాలు డెల్టా పిల్లలకు కొత్తవేమీ కావు. ధవళేశ్వరంలో వదిలిన నీరు కాలువలో పారుతుంది, బోదె మీదుగా చేలోకి ఎక్కుతుంది, తూము తలుపు సరిగా పడకపోతే సందుల్లోంచి కారుతుంది, వరద రోజుల్లో ఏటిగట్టును తన్నుకుంటూ పోతుంది, గండి పడితే ఊళ్ల మీదికి పొర్లుతుంది. ‘వరదకు గోదావరి కారుతోంది’ అని ఎవరైనా అంటే పలక పట్టిన పిల్లవాడు కూడా నవ్వుతాడు. ఆంగ్లంలోనూ నిలకడగా పారేదానికి ఫ్లో, సన్నని ధారగా జారేదానికి ట్రికిల్, ఒక్కసారిగా చిమ్ముకొచ్చేదానికి గష్, ఉండకూడని చోటునుంచి కారేదానికి లీక్ అని వేర్వేరు మాటలున్నాయి. తెలిసిన తెలుగు మాటల పక్కన వీటిని నిలబెడితే బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

ఇంతకన్నా సున్నితమైన తేడా ఒకటుంది. ‘ది కెనాల్ రన్స్ పాస్ట్ అవర్ విలేజ్’ అన్న వాక్యం, వేసవిలో కాలువలు కట్టేసి, అడుగున గుర్రపుడెక్క ఎండిపోయి, పిల్లలు అందులో వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడే రోజుల్లో కూడా నిజమే అవుతుంది. కాలువ ఊరి పక్కగా పోతుందని చెప్పడమే అక్కడ ఉద్దేశం, నీటితో పనిలేదు. ‘ది వాటర్ ఈజ్ రన్నింగ్’ అనాలంటే మాత్రం నీరు ఇప్పుడు పారుతూ ఉండాలి. కనుక మొదటి వాక్యంలో ‘రన్స్’ తీసి ‘పాసెస్’ వేయవచ్చు గాని ‘ఫ్లోస్’ వేస్తే అర్థం మారిపోతుంది. ఆ కాలువే ఎండిపోతే దాన్ని ‘రన్ డ్రై’ అంటారు. ఇంజనులో డీజిలు తరిగిపోతే ‘రన్ లో’, విత్తనాలకు కొరత పడితే ‘రన్ షార్ట్’. పరుగుకూ ప్రవాహానికీ సంబంధం లేని ఈ వాడుకల్లో మీ పట్టికలోని ఒక్క మాటా ఇమడదు.

రెండో చిక్కు వ్యాకరణంలో ఉంది. తెలుగులో తనంత తాను జరిగే పనికీ, మరొకరు జరిపించే పనికీ క్రియ రూపం మారుతుంది. నీరు పారుతుంది, రైతు పారిస్తాడు. మిల్లు ఆడుతుంది, ఆపరేటరు ఆడిస్తాడు. బస్సు నడుస్తుంది, డ్రైవరు నడుపుతాడు. ఆంగ్లంలో అన్నిటికీ ‘రన్’ ఒక్కటే చాలు. ప్రాచీన ఆంగ్లంలో ఈ రెండు రకాల పనులకూ వేర్వేరు క్రియలుండేవి. కాలక్రమంలో అవి కలిసిపోయి ఇప్పటి ఒక్క రూపం మిగిలింది. ఈ సంగతి తెలియని పిల్లలు ‘మై ఫాదర్ రన్స్ ఎ మిల్’ అనడానికి జంకి, మధ్యలో ‘మేక్స్’ అని తగిలించుకుంటున్నారు. మేనేజ్, ఆపరేట్ అనే రెండింటినీ పక్కపక్కన వేసినప్పుడు కూడా, లెక్కాజమా చూసుకుంటూ వ్యాపారం నడిపించేవాడు చేసేది మొదటిదని, యంత్రం దగ్గర నిలబడి స్విచ్చు వేసి ధాన్యం పోసేవాడు చేసేది రెండోదని, ‘రన్’ రెండు చోట్లా చెల్లుతుందని ఒక్క ముక్క చేర్చవలసింది. దాళ్వా ధాన్యం వచ్చే రోజుల్లో మా ఊరి మిల్లులో ఆ రెండు పనులూ ఒక్క మనిషే చేస్తాడు, అది వేరే మాట.

మనుషుల పరుగు సంగతి తేలికగానే చెప్పవచ్చు. తెల్లవారుజామున గట్టు మీద ఒంటికి మంచిదని నింపాదిగా పరుగెత్తితే జాగ్. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు 100 మీటర్ల దూరాన్ని ఉన్న సత్తువంతా పెట్టి పరుగెత్తితే స్ప్రింట్, వాళ్లే 1600 మీటర్లు పరుగెత్తేటప్పుడు ఆ మాట చెల్లదు. గ్యాలప్ ప్రధానంగా గుర్రానిది. ఎన్నికల్లో పోటీ చేయడానికి అమెరికావారు ‘రన్’ అంటారు, బ్రిటన్‌వారు ‘స్టాండ్’ అంటారు, మన దేశపు ఆంగ్ల పత్రికలు ‘కంటెస్ట్’ అని రాస్తాయి.

పర్యాయపదాలను వరుసగా పేర్చడం పాత సంప్రదాయమేనని మీరు అనవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852లోనే లండన్‌లో పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడు తన పర్యాయపద కోశాన్ని వెలువరించాడు. ఆయన కూడా మాటలను ముందు భావాలవారీగా విడదీసి, ఆ తర్వాతే ఒకచోట చేర్చాడు. రాజమహేంద్రవరంలో, మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర తన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో క్రియలకు అర్థాలతో సరిపెట్టకుండా చిన్న చిన్న వాక్యాలు ఇచ్చి, వాటికి అప్పటి వాడుక తెలుగు చూపించాడు. మీ శీర్షికకు ఆ పద్ధతి ఎంతో అనువుగా ఉంటుంది. నీరు, యంత్రం, వ్యాపారం, మనిషి, దారి అని కర్తను బట్టి విడదీసి, ఒక్కొక్కదానికి ఒక వాక్యం, ఆ వాక్యంలో ‘రన్’ స్థానంలో వేయదగిన ఒకటి రెండు మాటలు ఇస్తే సరిపోతుంది. స్థలం చాలకపోతే పదాల సంఖ్య తగ్గించండి, వాక్యాలను మాత్రం తీసేయకండి. ‘రన్, రాన్, రన్’ అనే మూడు రూపాలు కూడా వేయండి; ‘హ్యాజ్ రాన్’ అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ‘గెట్’, ‘టేక్’, ‘సెట్’ వంటి క్రియల వంతు వచ్చినప్పుడు ఈ అవసరం మరింత ఎక్కువవుతుంది.

మరొక చిన్న మనవి. ఈ శీర్షిక అచ్చయ్యే చోటికి సరిగ్గా వెనుక వైపున కొబ్బరి, ధాన్యం ధరలు వస్తున్నాయి. నేను చూడని సమయంలో పిల్లలు శీర్షికను బ్లేడుతో కోసుకుపోతుంటే, సాయంత్రం ధరలు చూసుకోవడానికి వచ్చిన పెద్దలు కిటికీలా మిగిలిన ఆ కాగితాన్ని నా ముఖాన ఎత్తిపట్టి తగువు పెట్టుకుంటున్నారు. ధరల పట్టికను వేరే పేజీకి మార్చి, వెనుక వైపు ఏదైనా వ్యాపార ప్రకటన పడేలా చూడగలరు.

ఇట్లు,
ఒక గ్రంథాలయ నిర్వాహకుడు,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.