చక్కెర వేయని అరటిపండు రొట్టె గురించి అమ్మాయికి ఉత్తరం

చి.ల.సౌ. సుధకు,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, బాబు, మీ అత్తగారు, మామగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

చక్కెర మానేసి చేసిన అరటిపండు రొట్టె (బనానా బ్రెడ్) గట్టిగా, పొడిబారి, గొంతుకు అడ్డం పడేలా వచ్చిందని ఫోనులో చెప్పావు. అందులో నీ చేతి దోషం లేదు, ఓవెన్ దోషం అంతకన్నా లేదు. పాత కొలతల్లోంచి చక్కెర ఒక్కటే తీసేసి తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచావు, చిక్కంతా అక్కడే వచ్చింది. రొట్టెలో చక్కెర తీపి కోసమే ఉందనుకుంటాం గాని, అది నీటిని పట్టి ఉంచుతుంది, గోధుమపిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రోటీన్ బిగుసుకోకుండా అడ్డుపడుతుంది, పైపెచ్చుకు ఎర్రటి రంగు తెస్తుంది, రొట్టెను మరికొన్ని రోజులు నిలవ ఉంచుతుంది. దాన్ని తీసేసినప్పుడు ఈ పనులన్నీ వేరే వాటికి అప్పగించాలి.

అయినా తీసేయడమే మంచిదని నేనూ అంటాను. అమెరికాలో మామూలుగా చేసే అరటిపండు రొట్టెలో ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా చక్కెర పోస్తారు. కప్పు చక్కెర అంటే 200 గ్రాములు. రొట్టెను పది ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో 20 గ్రాములు, అంటే దాదాపు ఐదు టీస్పూన్లు ఉంటుంది. రెండేళ్లు నిండని పిల్లలకు విడిగా కలిపిన చక్కెర అసలు పెట్టవద్దని ఆ దేశపు 2020–2025 ఆహార మార్గదర్శకాలే చెప్పాయి. మన బాబుకు ఇంకా ఏడాదిన్నరే కదా.

చక్కెర బదులు తేనె వేయమనో, ఊరి నుంచి తెచ్చుకున్న బెల్లం వేయమనో ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకో. బెల్లంలో కాస్త ఇనుము ఉందన్న మాట పట్టుకుని మన ఇళ్లలో దాన్ని మందులా వాడేస్తారు గాని, అందులో అత్యధిక భాగం చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇచ్చిన సూచనల్లో తేనెను, సిరప్పులను, పండ్లరసాలను పంచదారతో పాటే లెక్కగట్టింది.

తీపి పండులోంచే రావాలి, అందుకే పండును ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పచ్చి అరటికాయలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం, కాయ మగ్గేకొద్దీ అదే చక్కెరలుగా మారుతుంది. పసుపుపచ్చగా నిగనిగలాడే పండు తినడానికి బాగుంటుంది గాని రొట్టెకు చాలదు. తొక్క సగానికి పైగా నల్లబడి, చేత్తో పట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోయే పండ్లు కావాలి. తొందరపడి ఓవెన్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది గాని, పండు అంత తియ్యగా మగ్గదు. తమంతట తామే బాగా మగ్గినవి దొరికినప్పుడే ఒలిచి ఫ్రీజర్‌లో వేసుకో. కరిగించినప్పుడు ఊరే నీటిని పారబోయవద్దు, తీపి అందులోనూ ఉంటుంది.

అలాంటి పెద్ద పండ్లు మూడు మెదిపితే ఒకటిన్నర కప్పు గుజ్జు వస్తుంది. పెద్దగా, మెత్తగా ఉండే మెడ్జూల్ రకం ఖర్జూరాలు నాలుగింటికి గింజ తీసి, పావు కప్పు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతోనే మెత్తగా రుబ్బు. చక్కెర చేసే పని చాలావరకు ఈ ముద్దే చేస్తుంది, రొట్టె ఎండిపోకుండా తడిని పట్టి ఉంచుతుంది. వీటికి అర కప్పు పుల్లటి పెరుగు, మూడోవంతు కప్పు నూనె, రెండు గుడ్లు కలుపు. నూనె తగ్గిస్తే ఇంకా ఆరోగ్యం అనుకోవద్దు, చక్కెర లేని రొట్టెకు మెత్తదనం ఇచ్చేది అదే. మీ అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి ఆవిడ కోసం చేసేటప్పుడు గుడ్డుకు ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో నానబెట్టి వాడు. రొట్టె కొంచెం బరువుగా వస్తుంది, అంతే.

పిండి విషయానికి వస్తే, చపాతీలకు తెచ్చుకునే ఆటా పనికొస్తుంది. అయితే అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. ఒకటిముప్పావు కప్పు పిండికి ఒక టీస్పూను వంటసోడా, అర టీస్పూను ఉప్పు, టీస్పూను దాల్చినచెక్క పొడి, నాలుగు యాలకుల పొడి కలిపి జల్లించు. కలిపాక ముద్ద మరీ బిగువుగా కనిపిస్తే రెండు మూడు చెంచాల పాలు కలుపు. సోడా పులుపు తగలగానే గాలి బుడగలు పుట్టించడం మొదలుపెడుతుంది, ఈస్టులాగా గంటల తరబడి పులిసేదాకా ఆగనక్కర్లేదు. అందుకే దీన్ని క్విక్ బ్రెడ్ అన్నారు. ఆ తొందర మనకూ ఉండాలి: ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వేడెక్కాకే తడీ పొడీ కలుపు. సోడా ఎక్కువైతే మాత్రం సబ్బు రుచి వస్తుంది.

కలిపేటప్పుడు చెయ్యి నిదానం. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ, అక్కడక్కడా పొడిపిండి చారలు కనబడీ కనబడకుండా ఉండగానే ఆపేయి. దోసెపిండిలా నున్నగా అయ్యేదాకా కలిపితే గ్లూటెన్ సాగి, కోసినప్పుడు లోపల సొరంగాల్లాంటి బొరియలు కనిపిస్తాయి, ముక్క రబ్బరులా సాగుతుంది. తొమ్మిది అంగుళాల పొడవుండే రొట్టె పాన్‌లో యాభై నిమిషాల నుంచి గంట పడుతుంది. పైన నెర్రె విచ్చడం సహజమే. నెర్రెలోంచి సన్నటి పుల్ల గుచ్చి తీస్తే తడిపిండి అంటకుండా రావాలి.

షుగరు జబ్బున్న మీ మామగారి గురించి ఒక్క మాట. చక్కెర వేయలేదు కాబట్టి ఆయన ఎంతైనా తినవచ్చని ఎవరూ అనవద్దు. పండ్లూ ఖర్జూరాలూ కలిపి ముక్కకు 10 గ్రాములకు పైగానే చక్కెరలు ఉంటాయి, గోధుమపిండి నుంచి వచ్చే గ్లూకోజు దానికి అదనం. భోజనం చేశాక పైన తినడం కాకుండా, సాయంత్రం పలుచటి ముక్క ఒకటి, దానితో గుప్పెడు అక్రోట్లు ఇవ్వు. బాబుకు మాత్రం అక్రోట్లు పలుకులుగా వద్దు, గొంతులో ఇరుక్కుంటాయి, పొడి చేసి పిండిలోనే కలిపేయి.

బాగా చల్లారేదాకా కోయవద్దు, వేడి మీద లోపల జిగటగా ఉండి పచ్చిదేమో అనిపిస్తుంది. చక్కెర లేనందువల్ల ఇది బయట ఒక్క రోజుకు మించి నిలవదు. మిగిలినదాన్ని ముక్కలుగా కోసి, మధ్యలో కాగితం వేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఉదయం ఒక్కొక్కటీ టోస్టర్‌లో వేడి చేసుకోవచ్చు. ఈసారి చేసినప్పుడు కోసిన ముక్క ఫొటో తీసి పంపు. పైభాగం అక్కర్లేదు, లోపల ఎంత గుల్లగా వచ్చిందో చూసి పాలు పెంచాలో సోడా తగ్గించాలో చెబుతాను.

ఆశీస్సులతో,
అమ్మ