వార్షిక నివేదిక 2024–25: మహిళా ఆరోగ్య విభాగం

గౌరవ సభ్యులకు నమస్కారం. మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, ముఖ్యంగా టార్నీట్, పాయింట్ కుక్ ప్రాంతాలలో నివసిస్తున్న మన తెలుగు మహిళలను రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌కు (ఏ బాధా లేనప్పుడే ముందుగా చేయించుకునే పరీక్షకు) పంపించడం ఈ ఏడాది మా విభాగం తలపెట్టిన ప్రధాన కార్యక్రమం.

ఆస్ట్రేలియాలో 1991లో మొదలైన బ్రెస్ట్‌స్క్రీన్ పథకం కింద 40 ఏళ్లు నిండిన మహిళలు రెండేళ్లకోసారి ఉచితంగా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే ఫోటో) తీయించుకోవచ్చు. 50 నుంచి 74 ఏళ్ల వారికి ఆహ్వాన లేఖ ఇంటికే వస్తుంది, డాక్టరు చీటీ అక్కరలేదు. అయినా ఆ వయసువారిలో దాదాపు సగం మందే వెళ్తున్నారు. ఇంట్లో ఇంగ్లీషు కాక మరో భాష మాట్లాడేవారు వెళ్లడం ఇంకా తక్కువ.

ఒంట్లో బాగాలేనప్పుడే ఆసుపత్రి గడప తొక్కడం మనకు అలవాటు. ఏ బాధా లేనివారిని పరీక్షకు రమ్మని ఉత్తరం రావడం మన పెద్దవాళ్లు ఎరగరు. ఒక సభ్యురాలి ఇంట్లో ఆ లేఖ నెలల తరబడి ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోయింది. "నాకేం జబ్బుందని వెళ్లాలమ్మా, లేనిది వెతికి తెచ్చుకోవడం కాకపోతే?" అని అత్తగారు అంటే, కోడలు రెండోసారి అడగలేకపోయింది.

మా వల్ల జరిగిన పొరపాటునూ ఇక్కడ చెప్పాలి. ఉగాది వేడుకలో, మగవారంతా కూర్చున్న హాలులోనే ఈ విషయం మాట్లాడి కరపత్రాలు పంచాము. ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ తరువాత ఒకరింట్లో ఆడవాళ్లమే టీ తాగుతూ కూర్చున్నప్పుడు మాత్రం ప్రశ్నలు ఆగలేదు. ఫోటో తీసేది ఆడవారేనని, నడుము పైభాగం బట్టలు మాత్రమే తీయాలని, రొమ్మును పలకల మధ్య అదిమి ఉంచేది ఒక్కో ఫోటోకు కొన్ని సెకన్లేనని, ఆ రోజు పౌడరు, డియోడరెంటు వాడకూడదని చెప్పాము. అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న మంగళసూత్రం గురించి. గొలుసు ఫోటోలో పడకూడదు కనుక వీపు వైపు వేసుకోవడమో, కాసేపు తీయడమో చేయాలి. దీనికి పెద్దావిడ ఒకరు "పసుపుతాడు మెడలో ఉంచుకోండి, సరిపోతుంది" అని తేల్చేశారు.

ఒక స్క్రీనింగ్ కేంద్రంలో తెలుగు దుబాసీని అడిగితే ఫోనులో హిందీ మాట్లాడేవారిని కలిపారు. అప్పటి నుంచి బ్రెస్ట్‌స్క్రీన్ నంబరు 13 20 50కు ఫోన్ చేసి సమయం తీసుకునేటప్పుడే "తెలుగు" అని రెండుసార్లు చెబుతున్నాము. మామోగ్రామ్ తరువాత మరిన్ని పరీక్షలకు మళ్లీ రమ్మని పిలుపు వచ్చిన ఒక సభ్యురాలి ఇంట్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. అలా పిలిచినవారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదని మేము ముందే చెప్పి ఉండవలసింది. రొమ్ములో గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, దాని నుంచి నెత్తురు కనిపించినా స్క్రీనింగ్ కోసం ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలన్నది కూడా సభ్యులు గమనించాలి.

కరపత్రాలు ఇంకా రెండు కట్టలు మిగిలే ఉన్నాయి. మహిళలను కదిలించింది కరపత్రం కాదు, కారులో కేంద్రానికి వెంట వచ్చే మనిషే కనుక, వచ్చే ఏడాది అచ్చు ఖర్చు మాని ఆ మొత్తాన్ని పెట్రోలుకు కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము. పనిదినాలలో పగటిపూట కారు తీయగల మహిళా సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయగలరు.