రాక్షసి కంటే ముందు ఒప్పందం కాగితం

నల్లగొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన నర్సింహా,

నీ ఉత్తరం బుధవారం నాడు అందింది. అంతరిక్ష ఓడలో మనుషులను వేటాడే రాక్షసి కథ 'ఏలియన్' సినిమాను ఇన్నాళ్లకు చూశావని తెలిసి చాలా సంతోషించాను. అయితే చివర నువ్వు అడిగిన ప్రశ్న నన్ను నాలుగు రోజులుగా వదలడం లేదు. "రెండు గంటల్లో కథ అయిపోయింది కదా, మళ్లీ ఆ రాక్షసి మీద ఇన్నిన్ని నవలలు ఎందుకు రాస్తారు, పిండిన చెరుకును మళ్లీ గానుగలో పెట్టినట్టు కాదా?" అని రాశావు. ఈ నవలల కోసం పదేళ్లుగా ఆదివారాలు హైదరాబాదుకు పోయి, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల కుప్పలు తిరగేసినవాణ్ణి కాబట్టి, నీకు తీరికగా జవాబు రాయాలని ఇవాళ కూర్చున్నాను.

సినిమా కథను నవలగా రాయడం మనకు కొత్త కాదు. వెండితెర నవల అన్న పేరే మన దగ్గర ఉంది, ముళ్లపూడి వెంకటరమణ అంతటివాడు కూడా వాటిని రాశాడు. అమెరికాలో 'కింగ్ కాంగ్' సినిమా 1933 మార్చిలో విడుదలైతే, దాని నవల అంతకంటే ముందే 1932 డిసెంబరులో అచ్చయింది. ఇక ఉన్న కథకు కొత్త కొమ్మలు తొడగడం మరీ పాత అలవాటు. 'మాయాబజార్' చూసి పెరిగిన మనం శశిరేఖా అభిమన్యుల పెళ్లి భారతంలోనే ఉందనుకుంటాం, కానీ వ్యాసుడి భారతంలో శశిరేఖ అన్న పిల్లే లేదు. పద్మవ్యూహంలో చనిపోయే కుర్రవాడు అంతకుముందు ఎలా నవ్వాడో, ఎవరిని ప్రేమించాడో వినాలన్న కోరికే ఆ కథను పుట్టించిందని నేను అనుకుంటాను. ఈ రాక్షసి నవలల్లో మంచివన్నీ అటువంటి కోరికలోంచి పుట్టినవే.

నువ్వు సినిమా చూశావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. నోస్త్రోమో యుద్ధనౌక కాదు, రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని లాక్కొని ఇంటికి తిరిగి వస్తున్న సరుకు ఓడ, అందులో ఉన్నది ఏడుగురు పనివాళ్లు. వయసు పెరగనివ్వని దీర్ఘనిద్ర లోంచి లేచీ లేవగానే పార్కర్, బ్రెట్ మాట్లాడుకునేది తమకు వచ్చే వాటా తక్కువ అన్న సంగతి. దారిలో ఏదో సంకేతం వినిపించి, ఓడను అటు తిప్పాలన్నప్పుడు, అది మా పని కాదని పార్కర్ మొండికేస్తాడు. అప్పుడు ఓడలోని శాస్త్రవేత్త యాష్ ఒప్పందంలోని షరతు గుర్తుచేస్తాడు. తెలివిగల జీవులు పంపి ఉండవచ్చని తోచిన ఏ సంకేతాన్నైనా వెళ్లి చూడవలసిందే, చూడకపోతే వాటా మొత్తం పోతుంది, పైసా కూడా రాదు. పార్కర్ నోరు మూసుకుంటాడు.

అక్కడ నేను సినిమా ఆపేశాను, నర్సింహా. గుంపు మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని కాలువ పనికి పోయే ముందు, మా నాయిన వేలిముద్ర వేసిన చీటీ నాకు ఇప్పటికీ కళ్లముందు కనబడుతుంది. మా అవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి, దూలానికి వేలాడే గుడ్డసంచిలో దాచేది, చీటీ మడతల దగ్గర నలిగి చిల్లులు పడింది. తీసుకున్న డబ్బు ఎంత, ఎన్ని నెలలు చేయాలి అన్నంతవరకే అందులో ఉండేది. పీర్ల పండుగకు వస్తే ఆ రోజుల కూలి కోత అని, జ్వరం వస్తే కోత అని, నడుమ వదిలేసి వస్తే బయానా మొత్తం ఇంటివాళ్ల మీద అప్పుగా పడుతుందని పనికి పోయిన తరువాతే తెలిసేది. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిపించుకున్న మనుషుల పిల్లలం మనం. ఆ జీవిని ఇంటికి తేవడమే ముఖ్యం, సిబ్బంది పోయినా ఫరవాలేదు అని కంపెనీ రహస్యంగా ఇచ్చిన ఆదేశం సినిమాలో చాలా ఆలస్యంగా బయటపడుతుంది. నాకు అది ఏ మాత్రం ఆశ్చర్యం కలిగించలేదు, ఎందుకంటే వాటా పోతుందన్న షరతు విన్నప్పుడే ఆ పనివాళ్ల గతి నాకు అర్థమైంది.

1979లోనే ఆ సినిమాకు అలన్ డీన్ ఫోస్టర్ నవల రాశాడు. ఆ జీవి రూపం ఎలా ఉంటుందో చూపించకుండానే తన చేత నవల రాయించారని ఆయన తరువాత చెప్పుకున్నాడు. దానివల్ల మనకు మేలే జరిగింది. రాక్షసిని వర్ణించే వీలు లేక ఆయన మనుషుల దగ్గర ఆగాడు, వాళ్ల అలసట దగ్గర, వాళ్ల చిరాకుల దగ్గర ఆగాడు. ఓడ కెప్టెన్ డాలస్ ఇంకా ప్రాణంతో ఉండి, ఆ జీవి గూడులో చిక్కుకొని, తనను చంపేయమని తోటి పనిమనిషి రిప్లీని బతిమాలే ఘట్టాన్ని సినిమాలోంచి తీసేశారు, 2003లో దర్శకుడు మళ్లీ కూర్చిన ప్రతిలో గానీ అది తెరమీదికి రాలేదు. నవల చదివినవాళ్లకు మాత్రం ఆ కబురు ఇరవై నాలుగేళ్ల ముందే అందింది. ఒక మనిషి కనబడకుండా పోతే అతనికి ఏమైందో తెలియకుండా ఉండడం ఎటువంటిదో మన ఊళ్లో ఎన్ని ఇళ్లకు తెలుసో నీకు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నువ్వు తప్పకుండా చదవవలసిన చోటుకు వస్తున్నాను. రెండో సినిమా 'ఏలియన్స్' 1986లో వచ్చింది. మొదటి సినిమాలో బతికి బయటపడిన రిప్లీ ఆ దీర్ఘనిద్రలో 57 ఏళ్లు అంతరిక్షంలో కొట్టుకుపోయి దొరుకుతుంది. ఆమెకు అమాండా అనే కూతురు ఉంది. పదకొండో పుట్టినరోజు నాటికి వచ్చేస్తానని ఆ పిల్లకు మాట ఇచ్చి పనికి పోయింది. తిరిగి వచ్చాక కంపెనీ మనిషి ఒక ఫోటో తెచ్చి చేతికిస్తాడు, అందులో ఒక ముసలామె ఉంటుంది. 66 ఏళ్లు బతికి, రెండేళ్ల కిందటే చనిపోయిన కూతురు. తల్లి ముఖంలో వయసు లేదు, కూతురి ముఖం నిండా ముడతలు. ఈ ఘట్టాన్ని థియేటర్లలో ఆడిన ప్రతిలోంచి కత్తిరించారు. ఫోస్టర్ రాసిన నవలలో మాత్రం అది ఉంది. ఆ పేజీ చదివి పుస్తకం మూసి, లతీఫ్ సాహెబ్ గుట్ట వైపు చూస్తూ చాలాసేపు మిద్దె మీదే ఉండిపోయాను. బొంబాయి బస్సు వచ్చే వేళకు నువ్వు రోడ్డు మీద నిలబడేవాడివి, గుర్తుందా? బస్సులోంచి దిగే ప్రతి ఆడమనిషి ముఖంలోకీ చూసేవాడివి. ఒక ఉగాదికి మీ అమ్మ వచ్చేసరికి నువ్వు ఆమెను గుర్తుపట్టలేదని మీ అవ్వ ఏడ్చిన సంగతి ఇప్పటికీ నా మనసులో అలాగే ఉంది.

ఆ అమాండా మీదే 2014లో 'ఏలియన్: ఐసొలేషన్' అనే వీడియో గేమ్ వచ్చింది, దాని ఆధారంగా 2019లో కీత్ డికాండిడో నవల రాశాడు. తల్లి కనబడకుండా పోయిన పదిహేనేళ్లకు, ఆమె ఓడ తాలూకు పెట్టె ఒకటి దొరికిందని విని కూతురు బయలుదేరుతుంది. సినిమాలో ఒక్క ఫోటోగా మిగిలిపోయిన మనిషికి ఆ నవలలో చిన్నతనం వచ్చింది, ఎదురుచూపు వచ్చింది, తల్లి మీద కోపం కూడా వచ్చింది. నువ్వు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. సినిమాకు తీరిక లేక దాటిపోయిన మనుషుల దగ్గరికి మంచి నవల తిరిగి వెళుతుంది.

క్రిస్టఫర్ గోల్డెన్ రాసిన 'రివర్ ఆఫ్ పెయిన్' కూడా అటువంటిదే. రెండో సినిమాలో సైనికులు చేరేసరికి హ్యాడ్లీస్ హోప్ అనే ఊరు ఖాళీగా ఉంటుంది. అరవై, డెబ్బై కుటుంబాలు అక్కడ కాపురం ఉండేవని ఒక్క మాటలో చెప్పి సినిమా ముందుకు పోతుంది. ఈ నవల ఆ ఊరు బతికి ఉన్నప్పటి రోజులను చెబుతుంది. గాలిని పీల్చుకోదగినదిగా మార్చే యంత్రం దగ్గర పనిచేసేవాళ్లు, వాళ్ల భార్యలు, బళ్లోకి పోయే పిల్లలు, గాలి పైపుల్లో దాగుడుమూతలు ఆడుకునే న్యూట్ అనే చిన్నపిల్ల, అందరినీ మనం కలుస్తాం. ఫలానా చోటికి వెళ్లి చూడమని కంపెనీ నుంచి కబురు వస్తే, దొరికినదాంట్లో తమకు వాటా వస్తుందన్న ఆశతో న్యూట్ తల్లిదండ్రులు పిల్లలను బండి ఎక్కించుకొని బయలుదేరుతారు. వాళ్లకు ఏమవుతుందో మనకు ముందే తెలుసు. తెలిసి కూడా, బండి వెనక్కి తిప్పితే బాగుండునని ప్రతి పేజీలోనూ అనిపిస్తుంది. చిందు భాగవతంలో అభిమన్యుడు పద్మవ్యూహంలోకి పోతుంటే మన అవ్వలు కొంగు నోట్లో కుక్కుకొని "పోకు బిడ్డా" అనేవాళ్లు కదా, అదే స్థితి.

అన్నీ ఇంత బాగుంటాయని చెబితే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. టిమ్ లెబ్బన్ 2014లో 'అవుట్ ఆఫ్ ది షాడోస్' అనే నవల రాశాడు. రిప్లీ నిద్రపోయిన ఆ 57 ఏళ్ల మధ్యలో ఆమెను ఒకసారి లేపి, ఒక గని తవ్వే ఓడలో మళ్లీ ఆ జీవులతో పోరాడించి, రెండో సినిమాకు అడ్డు రాకుండా చివర ఆమె జ్ఞాపకాలను చెరిపేశాడు. గనిలో జరిగే భాగం ఊపిరి ఆడనివ్వదు, ఆ మేరకు మెచ్చుకుంటాను. కానీ ఒక మనిషి అంత కష్టం పడి దాన్ని మరిచిపోతే, ఆ కష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది? అది నాకు మింగుడుపడలేదు. స్టీవ్ పెర్రీ నవల 'ఎర్త్ హైవ్'కు వేరే గతి పట్టింది. దానికి మూలమైన కామిక్స్‌లో సైనికుడు హిక్స్, పెద్దదైన న్యూట్ ముఖ్యపాత్రలు. 1992లో మూడో సినిమా ఆ ఇద్దరినీ మొదట్లోనే చంపేయడంతో, నవలలో వాళ్ల పేర్లు విల్క్స్, బిల్లీగా మారిపోయాయి. పేర్లు మారినా వాళ్ల పీడకలలు మాత్రం పాతవే, చదువుతుంటే అదే మనుషులు దొంగపేర్లతో తిరుగుతున్నట్టు ఉంటుంది. మైకేల్ క్రైటన్ అనే రచయిత దీనికి తిరగేసిన పని చేశాడు. 1990 నాటి 'జురాసిక్ పార్క్' నవలలో చనిపోయాడని రాసిన మాల్కమ్ అనే పాత్రను, సినిమా వచ్చాక 1995 నవలలో బతికించి నిలబెట్టాడు.

అలెక్స్ వైట్ రాసిన 'ది కోల్డ్ ఫోర్జ్' ఒక్కటి చదివినా నీ అనుమానం తీరుతుంది. ఇందులో బ్లూ మార్సాలిస్ అనే శాస్త్రవేత్త జబ్బుతో మంచం పట్టి, మార్కస్ అనే మరమనిషి శరీరం ద్వారా పనిచేస్తూ ఉంటుంది. ఆ చేతులతోనే తాకుతుంది, ఆ కాళ్లతోనే నడుస్తుంది, మళ్లీ తన మంచం మీదికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఆమె పడే బాధను ఈ నవల ఎంతో దగ్గర నుంచి చూపిస్తుంది. ఖర్చుల లెక్కలు చూడడానికి డోరియన్ సడ్లర్ అనే ఆడిటర్ వస్తాడు. ఆ జీవులు గాజు వెనుక ఉన్నప్పుడు కలగని భయం, ఈ మనిషి ఇస్త్రీ బట్టలతో నవ్వుతూ లోపలికి వచ్చినప్పుడు కలుగుతుంది. స్కాట్ సిగ్లర్ 'ఫాలాంక్స్'లో తుపాకులే లేవు. జనం కొండల్లోని కోటల్లో దాక్కొని, ఈటెలతో ఆ జీవులను ఎదిరిస్తుంటారు, ఒక కోట నుంచి ఇంకో కోటకు సరుకులు, కబుర్లు మోసేది పరుగెత్తే యువతీయువకులే. దేవరకొండ ఖిల్లా ఎక్కినప్పుడల్లా నాకు ఆ నవల గుర్తుకు వస్తుంది.

చివరగా, బాంబు పరీక్షలు నిద్రలేపిన జపాను రాక్షసి గాడ్జిల్లా. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాను చేపల పడవ మీద, అందులోని 23 మంది బెస్తవాళ్ల మీద రాలింది. సెప్టెంబరులో వాళ్లలో ఒకరు చనిపోయారు, నవంబరులో గాడ్జిల్లా సినిమా వచ్చింది. దానికి మూలకథ ఇచ్చిన షిగేరు కయామా తరువాత తానే నవలిక రాశాడు, అది 2023లో గానీ ఇంగ్లీషులోకి రాలేదు. సినిమాలో పక్కన ఉండే షింకిచి అనే దీవి కుర్రవాడికి ఇందులో ముఖ్యస్థానం ఇచ్చాడు. తుఫాను రాత్రి ఇంటివాళ్లను పోగొట్టుకున్న అనాథ అతను. లంబాపురం, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామన్న రోజులు, 2019లో నల్లమల గురించి మళ్లీ ఆ మాట వచ్చి శాసనసభ వద్దని తీర్మానం చేసిన రోజులు చూసినవాళ్లం మనం. ఆ రోజుల్లో చెంచు పెంటల్లోని పిల్లల గురించి మనం ఎంత మాట్లాడుకున్నామో తలచుకొని షింకిచి కథ చదువు.

'రివర్ ఆఫ్ పెయిన్', ఫోస్టర్ రెండో నవల, ఈ రెండింటినీ అట్ట వేసి, వచ్చే శనివారం పాలమూరు వచ్చే మా తమ్ముడి చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఫోటో ఉన్న పేజీలో ఒక తంగేడు ఆకు పెట్టాను. ముందు అది చదువు, చదివి వీలైతే అమ్మకు తెలుగులో చెప్పు. ఆమె ఏమన్నదో ఒక్క మాట వదలకుండా నాకు రాయి. అమ్మను అడిగానని చెప్పు.

నీ
మల్లేశ్