పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీ

హైదరాబాదు

చిరంజీవి వాసుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫోను వచ్చి ఇరవై మూడు రోజులైంది. లెక్కపెట్టింది మీ అమ్మ, నేను కాదు. పోయిన మంగళవారం పగలు పదకొండు గంటలకు నిన్ను బెంగుళూరు కబ్బన్ పార్కులో బెంచీ మీద చూశానని రమణ బాబాయి అన్నాడు. వాడి చూపు సంగతి నీకు తెలిసిందే కనుక నేను పట్టించుకోలేదు.

నేను రోజూ పొద్దున్నే పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తున్నాను. నిన్ను బాలభవన్‌లో దింపి గంటలకొద్దీ కూర్చున్న తోటే అయినా, అక్కడ ఇంకెవరు కూర్చుంటారో అప్పట్లో గమనించలేదు. నిలోఫర్ ఆసుపత్రిలో బిడ్డను చేర్చినవాళ్ళు చెట్టు కింద అన్నం మూట విప్పుకుంటారు. నాంపల్లి స్టేషను బయట ఎవరు లేపుతారోనని రాత్రంతా సగం నిద్రలో గడిపినవాళ్ళు ఇక్కడికి వచ్చి గడ్డి మీద ఒళ్ళు వాలుస్తారు. నడకకు వచ్చేవాళ్ళు వాళ్ళను సోమరులంటారు, నేనూ అన్నాను.

జూబిలీ హాలు వైపు బెంచీ మీద ఒకాయన ఉంటాడు. ఇస్త్రీ చొక్కా, గీసిన గడ్డం, చేతిలో పేపరు చూసి, నాలాగే రిటైరైన మనిషి అనుకున్నాను. ఒకరోజు వానలో గొడుగు కిందికి పిలిచి ఇల్లెక్కడని అడిగితే, "ఆషాఢం వెళ్ళనివ్వండి, చెబుతాను సార్" అన్నాడు. ఆయన పెళ్ళి వంటలకు వెళ్ళే మనిషి. ముహూర్తాలున్నన్నాళ్ళూ ఫంక్షన్ హాళ్ళలోనే తిండీ నిద్రా దొరుకుతాయి. ముహూర్తాలు లేని నెలల్లో పనితోపాటు పడకా పోతుంది. సంచి పోయినప్పుడు ఆధార్ పోయింది, అది లేనిదే గది ఇవ్వరు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు ఏడాది పొడవునా తెరిచి ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పిందని పంతులు అలవాటు కొద్దీ వివరించాను. ఆయన ఓపికగా విని, "అక్కడ పడుకుంటే ఇల్లు లేనివాణ్ణి సార్, ఇక్కడ కూర్చుంటే వాకింగుకు వచ్చినవాణ్ణి" అన్నాడు. 2011 జనగణనలో ఇళ్ళు లేనివాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టాం, దేశమంతటా 17.7 లక్షల మంది తేలారు. నేను రాసుకున్నది పడుకుని ఉన్నవాళ్ళను. ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నవాణ్ణి ఎవరినైనా దాటిపోయానేమో. ఆయన ప్రతి ఆదివారం కూతురికి ఫోను చేసి, గదిలో ఫ్యాను బాగా తిరుగుతోందని చెబుతాడట.

ఇదంతా ఊరికే రాస్తున్నాను. పోయినసారి నువ్వు కూడా ఫ్యాను సంగతి అడగకుండానే చెప్పావు.

ఉద్యోగం పోవడం తప్పు కాదు, ఇంట్లో చెప్పకపోవడం తప్పు. సర్టిఫికెట్లూ ఆధారూ ఒకే సంచిలో పెట్టకు, జిరాక్సు ఒకటి నాకు పంపు, పరగడుపున కాఫీ తాగకు. ఉపదేశాలు రాయనని మీ అమ్మకు మాటిచ్చి కూర్చున్నాను కనుక ఇక ఆపుతాను. అయితే ఆ బెంచీ మీద ఉన్నది నువ్వే అయితే, వానాకాలంలో పెద్ద చెట్ల కింద కూర్చోకు, కొమ్మలు విరిగిపడతాయి.

ఆవకాయ సీసాకు నూనె కారకుండా రెండు కవర్లు చుట్టాను. కొరియరుకు పాత చిరునామా ఇవ్వవద్దని మీ అమ్మ అంటోంది. రాత్రిపూట నువ్వు పడుకునే చోటి చిరునామా, ఇంటి నంబరుతో సహా, వెంటనే తెలియజేయి.

మీ నాన్న