కరెంటూ కబురూ ఒకే పట్టాల మీద

నూరెంబర్గ్, ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఇక్కడి నుంచి నువ్వు పట్టుకెళ్లిన కరేరా డిజిటల్ సెట్, అదే గాడిలో పరుగెత్తే బొమ్మ రేసు కార్ల ట్రాక్, సరిగ్గా నడవడం లేదని నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మొత్తం 40 సెకన్లే. ఎర్ర కారు రెండో మలుపులో దగ్గు వచ్చినట్టు ఆగి ఆగి వెళ్లడం, మీ చిన్నోడు గాడి మార్చే లేన్ బటన్ ఎంత నొక్కినా నీలం కారు అదే గాడిలో పోవడం, చివర్లో వాడి మొహం. ఆ మొహం చూశాక వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టి వదిలేయబుద్ధి కాలేదు. అందుకే ఇది. టీ తెచ్చుకుని కూర్చో, పొడుగ్గానే ఉంటుంది.

ముందుగా, సెట్ పాడైపోయిందని టెన్షన్ పడకు. నా అటక గదిలో ట్రాక్ వేసి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో నన్ను ఏడిపించిన తంటాల్లో ఒక్కటి కూడా చిప్ కాలిపోవడం వల్ల వచ్చింది కాదు. దుమ్ము, నూగు, వదులైన అతుకు, ఎండ. ఎప్పుడు చూసినా ఈ నాలుగింటిలోనే ఏదో ఒకటి. నీదీ అంతేనని నా నమ్మకం.

అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే. ట్రాక్‌లో ప్రతి గాడికీ రెండు పక్కలా కరెంటు పారే లోహపు పట్టాలు ఉంటాయి. పాత రకం సెట్లలో గాడికి ఒక కంట్రోలర్. మీట ఎంత నొక్కితే పట్టాలకి అంత వోల్టేజి. కారులో మోటారు తప్ప ఏమీ ఉండదు. డిజిటల్‌లో అలా కాదు. నీ సెట్‌లో పట్టాల మీద ఎప్పుడూ 14.8 వోల్టులు ఉంటాయి, కారు నిలబడి ఉన్నా సరే. ట్రాక్‌కి తగిలించిన కంట్రోల్ యూనిట్ అనే పెట్టె అందరి మీటలనూ చదివి, ‘ఒకటో నంబరు కారూ, నువ్వు ఇంత వేగం’, ‘రెండో నంబరు కారూ, నువ్వు ఇంత’ అని ఒక్కొక్కరికీ కబురు పంపుతుంది. ఆ కబురుకి వేరే వైరు లేదు. అవే పట్టాలలో కరెంటును రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేనంత కాలం ఆపి, మళ్లీ ఇచ్చి, ఆ ఆపడంలోనే అంకెలు రాస్తుంది. కారులో ఉన్న చిప్ అది చదువుకుని, తనదైతే మోటారుకి చెబుతుంది. కారు నంబరుకి 3 బిట్లు (సున్నాలో ఒకట్లో మూడు), అంటే 8 నంబర్లు. ఆరు మన చేతిలోని కంట్రోలర్లకి, ఒకటి తనంతట తాను తిరిగే కారుకి, ఒకటి పేస్ కారుకి, అంటే రేసులో అందరి ముందూ నడిచి వేగం అదుపు చేసే కారుకి. మనం కాలేజీ డిజిటల్ ల్యాబ్‌లో రాత్రంతా కూర్చుని ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి నాలుగు బిట్లు పంపడానికి పడ్డ పాట్లు గుర్తున్నాయా? ఇక్కడ అదే పని, పరుగెత్తే కారులోకి.

అంటే కరెంటూ కబురూ ఒకే పట్టాల మీద వెళ్తున్నాయి. పాత రకం కారు దుమ్ము మీద వెళ్తే ఒక్క క్షణం కరెంటు తగ్గుతుంది, ఉన్న ఊపుతో దాటేస్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. డిజిటల్ కారుకి అదే దుమ్ము దగ్గర కరెంటూ పోతుంది, కబురూ పోతుంది. చిప్ మళ్లీ తేరుకుని తన పేరు వినేదాకా ఆగుతుంది. నీ ఎర్ర కారు దగ్గు అదే.

ఇప్పుడు వీడియోలో నేను చూసింది చెబుతాను. మీ హాల్లో ఆ మెరూన్ తివాచీ చాలా బాగుంది, చెల్లెమ్మ ఎంపిక అయి ఉంటుంది. కానీ ట్రాక్ దాని మీద వెయ్యకూడదు. ఈ మాట సెట్‌తో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. తివాచీ నూగు గాడిలోకి చేరి, అక్కడి నుంచి కారు గైడ్‌కి, అంటే గాడిలో దిగి కారును నడిపించే ముక్కకి, చుట్టుకుంటుంది. పైగా తివాచీ మెత్తన, ట్రాక్ సమంగా కూర్చోదు, మోకాలు ఆనించిన చోటల్లా అతుకు కదులుతుంది. చిన్నోడు సరిగ్గా ఆ రెండో మలుపు దగ్గరే మోకాళ్ల మీద కూర్చున్నాడు, చూడు. టైల్స్ నేల మీద వేసినా చాలు. పాత తలుపు చెక్కో, ప్లైవుడ్డో దొరికితే ఇంకా మంచిది.

తివాచీ తీసేశాక కారు తిరగేసి చూడు. ముందు వైపు గైడ్‌కి రెండు పక్కలా రాగి అల్లికలు ఉంటాయి. ఇక్కడి వాళ్లు వాటిని ‘ష్లైఫర్’ అంటారు, మనం బ్రష్‌లు అనుకుందాం. కారుకి అన్నం నీళ్లు అందేది వాటి నుంచే. నలిగి చదునుగా అయిపోతే పట్టాని సరిగ్గా తాకవు. వేలితో కొంచెం కిందికి వంచి, చివర పోగులు ఒక్కరవ్వ విడదియ్యి. మరీ ఎక్కువ వంచితే కారు ముక్కు పైకి లేచి గైడ్ గాడిలోంచి బయటికి వస్తుంది. ఒక పోగు ఊడి అవతలి బ్రష్‌ని తాకితే షార్ట్ అయ్యి మొత్తం ట్రాకే ఆగిపోతుంది, కాబట్టి వేలాడే పోగులు కత్తెరతో తీసెయ్. గైడ్ చుట్టూ వెంట్రుకలు, నూలు ఉంటే చిన్న పట్టకారుతో లాగు. ఇంట్లో పొడుగు జుట్టు వాళ్లు ఉంటే ఇది వారానికోసారి పని. మా ఇంట్లో ముగ్గురున్నారు.

పట్టాలకి పొడి నూలుగుడ్డ చాలు. మొండి మరక అయితే కరెంటు తీసేసి, గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి తుడువు, ఆరనివ్వు. ఉప్పు కాగితం మాత్రం ముట్టుకోకు. గీతలు పడితే ఆ గీతల్లో ఇంకా ఎక్కువ మురికి చేరుతుంది. ఒకసారి ఒక సెకండ్ హ్యాండ్ ట్రాక్ కొన్నాను, ఎవరో బాగా రుద్దేశారు పాపం. దాన్ని దారిలోకి తేవడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

ఆ తర్వాత అతుకులు. ప్రతి ముక్కనూ పక్క ముక్కతో నేరుగా, పూర్తిగా తోసి, కింద క్లిప్పు పడిందో లేదో వేలితో తడిమి చూడు. కారును ఆ అనుమానం ఉన్న అతుకు మీద నెమ్మదిగా పోనిచ్చి, అప్పుడు అతుకును వేలితో నొక్కు. నొక్కితే కారు బాగా వెళ్లి, వదిలితే దగ్గితే, దొంగ దొరికినట్టే. ఆ ముక్క విడదీసి, పట్టా చివర వంగిందేమో చూసి, సన్నమూతి పటకారుతో సరిచెయ్. గట్టిగా కాదు, మెల్లగా.

ఇంకొక్కటి, నువ్వు ఊహించనిది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇక్కడి ప్లగ్ ఉంది కదా, దాని పిన్నులు మన సాకెట్ రంధ్రాల కన్నా కొంచెం సన్నం. పెట్టినట్టే ఉంటుంది కానీ వదులుగా కూర్చుంటుంది. ఫ్యాన్ గాలికి వైరు ఊగినా కాంటాక్ట్ పోవచ్చు. కంట్రోల్ యూనిట్ లైట్లు ఉన్నట్టుండి ఆరి మళ్లీ వెలిగితే కారణం అదే. మంచి అడాప్టర్ ఒకటి కొను. మన దగ్గరా, ఇక్కడా 230 వోల్టులే కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

ఇక లేన్ మారడం. నా మనసుకి అన్నిటికన్నా నచ్చే భాగం ఇది. నీలం కారు కడుపులో ఒక చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉంటుంది. మన కంటికి కనపడదు. ఒక్కో నంబరు కారు ఒక్కో లయలో మినుకుతుంది. లేన్ మార్చే ట్రాక్ ముక్కలో గాడి పక్కన ఒక కన్ను, అంటే సెన్సర్, ఉంటుంది. అది ‘ఓహో, రెండో నంబరు వస్తోంది’ అని గుర్తుపడుతుంది. ఆ సమయానికి రెండో నంబరు బటన్ నొక్కి ఉంటే, ముక్క లోపలి కాయిల్ చిన్న నాలుకను పక్కకి లాగుతుంది, కారు అవతలి గాడిలోకి జారుతుంది. చుట్లు లెక్కపెట్టేదీ ఇలాంటి కన్నే, కంట్రోల్ యూనిట్ దగ్గర ఉండేది.

పోయినేడు ఎండాకాలం నా ట్రాక్ చుట్లు తప్పు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పొద్దున్న అంతా సవ్యం. సాయంత్రం ఐదు దాటితే పది చుట్లలో మూడు మాయం, లేన్ మారమంటే మారదు. బ్రష్‌లు మార్చాను, పట్టాలు తుడిచాను, లేన్ ముక్క విప్పి లోపలి నాలుకకి వేలు పెట్టి కదిపి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. రెండు శని ఆదివారాలు పోయాయి. చివరికి మా అమ్మాయి, ‘నాన్నా, మబ్బు పట్టినప్పుడు బాగానే లెక్కపెడుతోంది’ అంది. తలెత్తి చూస్తే కప్పులోని కిటికీ పడమటి వైపు. సాయంత్రం ఎండ నేరుగా వచ్చి ఆ కన్ను మీద పడుతోంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ బోలెడు ఉంటుంది కదా, ఆ వెలుగులో కారు దీపం మినుకు కన్నుకి ఆనడం లేదు. అట్టపెట్టె కోసి చిన్న వంతెనలా చేసి ఆ ముక్క మీద పెట్టాను. అంతే, ఆ రోజు నుంచి ఒక్క చుట్టూ పోలేదు. ఆ అట్ట వంతెనకి అమ్మాయి రంగులు కూడా వేసింది.

ఇప్పుడు నీ వీడియో మళ్లీ చూడు. 25వ సెకను దగ్గర ఆపు. బాల్కనీ తలుపులోంచి ఎండ పట్టీ ఎక్కడ పడుతోందో చూశావా? సరిగ్గా లేన్ మార్చే ముక్క మీద. కర్టెన్ వేసి చూడు మామా.

దాంతో కుదరకపోతే కార్లు మార్చి చూడు. ఎర్ర కారు ఆ ముక్కలో లేన్ మారి, నీలం మారకపోతే తప్పు నీలం కారుది. రెండూ మారకపోతే తప్పు ముక్కది, లేదా దాన్ని ప్రయాణ దిశకి ఎదురుగా పెట్టి ఉంటావు. చిన్నోడికి ఇంకో సంగతి చెప్పు. బటన్ ముక్క మీదికి వచ్చాక టక్కున నొక్కితే ఆలస్యం అయిపోయినట్టే. ముందే నొక్కి, దాటేదాకా పట్టుకోవాలి.

కారు దీపం వెలుగుతోందా లేదా అని చూడటానికి ఒక చిట్కా. గది చీకటి చేసి, ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు టీవీ రిమోట్ నొక్కు. రిమోట్ కొన తెల్లగానో ఊదాగానో మెరిస్తే ఆ కెమెరా పనికొస్తుంది. ఆ తర్వాత రెండు మొసలి క్లిప్పుల వైర్లతో పట్టాల నుంచి కారు బ్రష్‌లకి కరెంటు ఇవ్వు. ఏ పక్క పట్టా ఆ పక్క బ్రష్‌కే వెళ్లాలి, క్లిప్పులు ఒకదాన్నొకటి తాకకూడదు. కారు తిరగేసి కెమెరాకి చూపిస్తే కింద చిన్న చుక్క వెలుగుతూ కనపడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ కళ్ల ముందే తిరుగుతూ నాకు కనపడని దీపం అది! కనపడకపోతే ఆ రంధ్రం మీద నూగో నూనె జిడ్డో ఉందేమో, దూదిపుల్లతో తుడువు.

కోడింగ్ సంగతి, అంటే ఏ కారు ఏ కంట్రోలర్ మాట వినాలో చెప్పడం, ఫోన్‌లో అడిగావు. మిగతా కార్లన్నీ ట్రాక్ మీద నుంచి తీసెయ్. కావలసిన కంట్రోలర్ లేన్ బటన్ వెంట వెంటనే రెండుసార్లు నొక్కి, కారు ముక్కు ఒకసారి పైకి ఎత్తి దించు. ఇక ఆ కారు ఆ కంట్రోలర్ మాటే వింటుంది. ఒకే మీటకి రెండు కార్లు కదిలితే రెండింటికీ ఒకే నంబరు పడిందని అర్థం, రెండోదానికి మళ్లీ చెయ్. చిన్నోడి కారు మలుపుల్లో ఎగిరిపోతోంది అన్నావు కదా, కంట్రోల్ యూనిట్ మీద వేగం బటన్ ఉంది. వాడి కారు ఒక్కటే ట్రాక్ మీద పెట్టి వేగం తగ్గించు. ఆ సమయంలో ట్రాక్ మీద ఏ కారు ఉంటే దానికల్లా అదే పడుతుంది. నీ కారు ఉన్నట్టుండి నత్తలా నడిస్తే ముందు అది గుర్తు తెచ్చుకో.

ట్రాక్ పెంచాలనుకుంటే ఇప్పుడే వద్దు, ఉన్నది కుదిరాక చూద్దాం. నాది 14 మీటర్లు, ఆ చివర కార్లు నీరసించేవి. వెనక చక్రాలు గాల్లో తిరిగేలా కారు పట్టుకుని మీటర్‌తో కొలిస్తే వోల్టేజి పడిపోవడం కనపడింది. ట్రాక్ కింద మందపాటి వైర్లు వేసి, రెండు చోట్ల పట్టాలకి టంకం పెట్టాను. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తగిలించడం కాదు, ఉన్న కరెంటుకే అడ్డదారి వెయ్యడం. రెండు రంగుల వైర్లు వాడు, తారుమారైతే షార్టే.

నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు యూ-1 మెట్రో రైలెక్కి పక్క ఊరు ఫ్యూర్త్ వెళ్లాం, గుర్తుందా? వాన పడుతోందని విసుక్కున్నావు. కరేరా ట్రాక్ పుట్టిన ఊరు అదే, 1963లో. జర్మనీలో మొట్టమొదటి ఆవిరి రైలు 1835 డిసెంబర్‌లో నడిచింది కూడా నూరెంబర్గ్ నుంచి ఆ ఫ్యూర్త్‌కే. ఈ రెండు ఊళ్లకీ పట్టాలతో ఏదో రుణానుబంధం ఉందిరా. అందుకే నువ్వు సూట్‌కేస్‌లో బట్టలు తీసేసి ఈ సెట్ పెట్టె సర్దుకుంటుంటే నాకు అంత సంతోషం వేసింది.

వచ్చే నెల మా బావమరిది హైదరాబాద్ వస్తున్నాడు. అతనితో నాలుగు జతల బ్రష్‌లు, ఒక జత వెనక టైర్లు పంపుతున్నాను. అవి అందేదాకా పాత టైర్లని సెల్లోటేప్ జిగురు వైపు దొర్లించు, దుమ్మంతా వచ్చేస్తుంది. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

రేపు తివాచీ తీసేసి, కర్టెన్ వేసి, అదే 40 సెకన్ల వీడియో మళ్లీ తీసి పంపు. చివర్లో చిన్నోడి మొహం తప్పకుండా రావాలి.

నీ పాత రూమ్మేట్